సూదికి సెలవట!

ఉమాశ్రీని అందరూ గయ్యాళి అంటారు. ప్రగతి నగర్‌లో ఆమె ఉండే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు అంటారు, కూతురి స్కూలు ప్రిన్సిపాల్ అంటుంది, ఆఖరికి కాకినాడలో ఉన్న సొంత పిన్ని కూడా "అది ఇదివరకు ఇలా ఉండేది కాదే" అని మొదలుపెట్టి గయ్యాళి అన్న మాటతోనే ముగిస్తుంది. పిన్ని అన్నదాంట్లో మొదటి సగం నిజం. హోటల్లో సాంబారు చల్లగా వస్తే మాట్లాడకుండా తినేసే మనిషి ఉమాశ్రీ. మాదాపూర్ హాస్టల్లో ఉన్న రోజుల్లో పక్క మంచం అమ్మాయి తన షాంపూ వాడేస్తోందని తెలిసి కూడా అడగలేక, సీసాని బట్టల పెట్టెలో దాచుకుంది. రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఒకళ్ళు రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టుకోవడమే పని అయినా, ఆ తప్పు చెప్పేటప్పుడు "వీలైతే ఒకసారి చూస్తారా అండి" అనేది.

అలాంటి మనిషికి కోపగించుకోవడం నేర్పింది కూతురి జబ్బు.

దేవిశ్రీ ఒకటో తరగతిలో ఉండగా ఉన్నట్టుండి నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. సీసాలకి సీసాలు తాగేది. ఎండాకాలం కదా అనుకున్నారు. గౌన్లు వదులైపోతుంటే ఎదుగుతోంది అనుకున్నారు. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలయ్యేసరికి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. టైప్ వన్ డయాబెటిస్ అన్నారు. ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే కణాలను ఒంట్లోని రక్షణ వ్యవస్థే శత్రువులనుకుని చంపేసిందని, ఇక బతికినన్నాళ్ళూ ఇన్సులిన్ బయటి నుంచి ఇవ్వాల్సిందేనని పిల్లల షుగర్ డాక్టరు బాలాత్రిపురసుందరిగారు మెల్లగా, రెండుసార్లు చెప్పారు. ఉమాశ్రీ విన్నది. భర్త చైతన్య కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

ఆ తర్వాత వచ్చిన చుట్టాలు ఒక్కొక్కరూ ఒక్కో రాయి వేసి పోయారు. చాక్లెట్లు పెట్టి పెట్టి తెప్పించారన్నారు. తల్లి ఉద్యోగానికి పోతే పిల్లల గతి ఇంతే అన్నారు. ఆడపిల్ల, బయట చెప్పకండి అన్నారు. ఉమాశ్రీ అన్నీ మింగింది. అయితే స్కూల్లో క్లాస్ టీచరు, "మిగతా పిల్లలు భయపడతారు, లంచ్‌కి ముందు ఆ ఇంజెక్షనేదో బాత్రూంలో వేసుకోమనండి" అన్నప్పుడు, ఆమె గొంతులోంచి ఆమెకే తెలియని గొంతొకటి బయటికొచ్చింది.

"మీరు మీ లంచ్ బాత్రూంలో తింటారా అండి?"

స్టాఫ్‌రూం అంతా తలలు తిప్పింది. ఆ రోజు నుంచి దేవిశ్రీ బెంచి మీదే కూర్చుని ఇన్సులిన్ వేసుకుంటోంది. ఉమాశ్రీకి గయ్యాళి పేరు వచ్చింది కూడా ఆ రోజే.

పాపకి పదో ఏడు నడుస్తుండగా డాక్టర్‌గారు ఒక పరిశోధన సంగతి చెప్పారు.

"మన పేగుల్లో కోట్లకు కోట్లు బ్యాక్టీరియా ఉంటుందమ్మా. మనం తిన్న పీచు మనకి అరగదు, వాటికి అరుగుతుంది. దాన్ని తిని అవి కొన్ని ఆమ్లాలు తయారుచేస్తాయి. అవి పేగు గోడను కాపాడతాయి, ఒంట్లో వాపును తగ్గిస్తాయి. షుగర్ ఉన్న పిల్లల్లో అలాంటి మంచి రకాలు తక్కువగా కనిపిస్తున్నాయని కొన్ని చోట్ల తేలింది. పీచు ఎక్కువ పెట్టి వాటిని పెంచితే చక్కెర ఇంత ఎగుడుదిగుడుగా లేకుండా ఉంటుందేమో చూద్దామని."

"ఇన్సులిన్ తగ్గుతుందాండి?"

"కాస్త తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. అది తెలీకే కదా చూడటం. మానేయడమన్న మాట మాత్రం మనసులోకి కూడా రానివ్వకండి. పోయిన కణాలను ఏ బ్యాక్టీరియా తిరిగి తేలేదు."

పీచు పొడి ఒక కంపెనీది. కొందరు పిల్లలకి అసలు పొడి ఇస్తారు, కొందరికి రంగూ రుచీ అలాగే ఉండే ఉత్త పిండి ఇస్తారు. ఎవరికి ఏది వెళ్ళిందో చివరిదాకా డాక్టరుకి కూడా తెలియదు. ఉమాశ్రీకి ఈ పద్ధతి నచ్చింది. టెస్టింగ్ మనిషికి నచ్చక ఏమవుతుంది! మలం నమూనా డబ్బాలో పట్టి ఇవ్వాలనగానే దేవిశ్రీ మొహం చిట్లించి, తర్వాత ఆ డబ్బాకు "మా బ్యాక్టీరియా హాస్టల్" అని పేరు పెట్టి ఇల్లంతా నవ్వించింది. పొద్దున్నే మజ్జిగలో పొడి కలుపుకుని తాగేది. పాప ఏం తింటోందో, చక్కెర ఎంత ఉందో ఇంట్లో అందరూ ఇదివరకటికన్నా ఎక్కువగా పట్టించుకున్నారు. ఉమాశ్రీ రాత్రి అన్నం మానిపించి జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర అలవాటు చేసింది. నెలలు గడిచేసరికి చక్కెర కొలవడానికి పాప చేతికి అంటించిన సెన్సర్‌లో గీత కొండలూ లోయలూ మాని కాస్త నేలకు దిగింది. ఇన్సులిన్ మోతాదు కొంచెం తగ్గింది. కొంచెమే.

పరిశోధన ముగిశాక పిల్లలందరికీ ఆసుపత్రిలో చిన్న సభ పెట్టారు. కంపెనీ తరఫున ఆదర్శ్ అనే కుర్రాడు వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, ఆగని నవ్వు. దేవిశ్రీ చేతికి పూలగుత్తి ఇచ్చి ఫొటో తీశాడు. "మా ఆఫీసులో గోడకి పెట్టుకుంటాం మేడం, టీంకి మోటివేషన్" అన్నాడు. పాప ఫొటోలో చక్కగా పడింది. తల్లి మురిసిపోయింది.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం ఆఫీసు లిఫ్టు ఎక్కింది ఉమాశ్రీ. ఆ టవర్‌లో లిఫ్టుల్లో కూడా టీవీలుంటాయి. ఫ్లాట్లు, క్రెడిట్ కార్డులు, పళ్ళ క్లిప్పుల ప్రకటనలు తిరుగుతుంటాయి. ఆ వేళ అందులో దేవిశ్రీ వచ్చింది. చేతిలో పూలగుత్తి, వెనకాల ఆకుపచ్చ రంగు, పక్కన కంపెనీ డబ్బా. కింద పెద్ద అక్షరాలు: సూదికి సెలవు చెప్పిన దేవి!

పక్కనున్న సహోద్యోగి ఆమె చెయ్యి పట్టుకుని ఊపేసింది. "ఉమా, చెప్పనేలేదేంటి! పాపకి తగ్గిపోయిందా?"

దిగాల్సిన అంతస్తు దాటిపోయింది. ఉమాశ్రీ మళ్ళీ కిందికి, మళ్ళీ పైకి వెళ్ళింది. ప్రతిసారీ కూతురు ఆమెను చూసి నవ్వింది. సాయంత్రం ఇంటికొస్తుంటే మెట్రో స్తంభం మీద అదే నవ్వు.

ఆదర్శ్‌కి ఫోన్ చేసింది.

"మేడం, ఫస్ట్ మీరు కూల్ అవ్వండి. ఇన్సులిన్ మానేసిందని మేం ఎక్కడ రాశాం? సూది అంటే వేలికి గుచ్చుకునే సూది. మీ పాపకి సెన్సర్ ఉంది కదా, ఇప్పుడు వేలికి గుచ్చుకోవట్లేదు కదా?"

"సెన్సర్‌కీ మీ పొడికీ ఏంటండి సంబంధం?"

"ఓవరాల్ జర్నీ మేడం అది."

"మా పిల్ల ఫొటో వేయడానికి మీకు ఎవరిచ్చారండి హక్కు? తీసేయండి. ఈ రోజే తీసేయండి."

"మార్కెటింగ్ టీంతో మాట్లాడి అప్‌డేట్ ఇస్తాను మేడం."

అప్‌డేట్ రాలేదు. మర్నాడు ఫోన్ ఎత్తలేదు. వారమైనా స్తంభం మీద దేవి నవ్వు చెదరలేదు. "పెద్ద కంపెనీ, లాయర్లున్న వాళ్ళు, మనకెందుకు, నాలుగు రోజులు పోతే వాళ్ళే కొత్త బొమ్మ వేసుకుంటారు" అన్నాడు చైతన్య. ఉమాశ్రీ అతన్ని చూసిన చూపుకి ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ ఆమెకీ ఏం చేయాలో తోచలేదు. కోపం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

తెలిసింది ఆసుపత్రిలో.

మామూలు చెకప్‌కి వెళ్ళి తల్లీకూతుళ్ళు వరండాలో కూర్చున్నారు. ఎదురు కుర్చీలో ఒకామె, నలిగిన చీరతో, చాలాసేపటిగా దేవిశ్రీనే చూస్తోంది. చివరికి లేచి వచ్చి పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"నువ్వు గా పిల్లర్ మీద బొమ్మల ఉన్న పిల్లవు గదా బిడ్డా?"

దేవిశ్రీ తల్లి వైపు చూసి తలూపింది.

"సూదులన్నీ బంద్ అయినయంట గదా నీకు. మా అవినాష్‌గానికి గూడ గదే పొడి తాపిస్తున్నం. గని మావోనికి గిట్లయింది. లోపల ఐసీయూల ఉన్నడు. మేమేదో తప్పు జేసినం కావచ్చు. జర చెప్పు బిడ్డా, నువ్వు పరగడుపున తాగినవా, తిన్నంక తాగినవా?"

ఉమాశ్రీ జవాబు చెప్పేలోపే దేవిశ్రీ తన సంచి తెరిచి ఇన్సులిన్ పెన్ను తీసి చూపించింది.

"నేను మానలేదు ఆంటీ. ఇందాక ఇడ్లీ తినేముందు కూడా వేసుకున్నాను."

ఆమె ఆ పెన్నును చూసింది. పాప మొహం చూసింది. మళ్ళీ పెన్నును చూసింది. అలా చూస్తుండగానే ఆమె మొహంలో దైన్యం పోయి ఇంకేదో వచ్చింది. లేచి నిలబడింది.

"మరి గా బొమ్మేంది?" ఉమాశ్రీ వైపు తిరిగింది. "మీ పిల్లనే గదమ్మా? మీకు తెల్వకుంటనే ఏసిన్రా? మీ పిల్ల మొఖం జూసి నా కొడుకుకు సూది బంద్ జేసిన నేను! మీ పిల్ల మొఖం జూసి!"

వరండా అంతా విన్నది. ఉమాశ్రీ ఒక్క మాట అడ్డం చెప్పలేదు. ఆ తిట్లు తనకి తగిలేవి కావని తెలుసు, తగలకుండా ఉండవనీ తెలుసు. ఆమె అరిచి అరిచి కుర్చీలో కూలబడ్డాక, పక్కన కూర్చుని, "మాకు తెలీకుండానే వేశారండి. తీయమంటే తీయలేదు" అంది.

ఆమె పేరు కృష్ణప్రియ. హఫీజ్‌పేట్‌లో రైల్వే స్టేషన్ వెనక కాలనీలో ఉంటారు. భర్త ఐటీ కంపెనీ బస్సు నడుపుతాడు. అవినాష్‌కి ఏడేళ్ళు. షుగర్ ఉందని తెలిసి కొద్ది నెలలే అయింది. బొమ్మ చూసి డబ్బా కొన్నారు. డబ్బా మీది నంబరుకి చేస్తే తేనెలాంటి గొంతుతో ఒక అమ్మాయి మాట్లాడింది. పిల్లవాడికి ఇన్సులిన్ అవసరం రోజురోజుకీ తగ్గుతోందంటే, "చూశారా అమ్మా, పేగు బాగుపడుతోంది, మెల్లగా తగ్గించుకుంటూ రండి" అంది. తగ్గిస్తూ వచ్చారు. ఒక రోజు మానేశారు. నాలుగు రోజులు బాగానే ఉన్నాడు. తర్వాత జ్వరం, కడుపునొప్పి, వాంతులు. చివరికి ఎగఊపిరి తీస్తూ స్పృహ తప్పాడు.

డాక్టర్‌గారి గదిలోకి ఉమాశ్రీ తన చీటీ నంబరు పిలవకముందే వెళ్ళింది.

"ఆ పిల్లాడికి ఏమైందో చెప్పండి."

"ఈ జబ్బు కొత్తగా బయటపడిన పిల్లల్లో కొన్నాళ్ళు మిగిలిన కొద్ది కణాలు పనిచేస్తాయి. ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది. చాలామందిలో జరిగేదే, మళ్ళీ పోయేదే. దాన్ని వాళ్ళు పొడి గొప్పతనం అన్నారు. ఇన్సులిన్ ఆపేసరికి రక్తం ఆమ్లంగా మారింది." ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "బతుకుతాడు. సమయానికి తెచ్చారు."

"ఆ కెమెరా మనిషిని లోపలికి రానిచ్చింది ఎవరండి? మీరు కాదూ?"

"నేనే."

తర్వాత డాక్టర్‌గారు ఇంకో సంగతి చెప్పారు. ప్రకటన చూసి పరిశోధన కమిటీకి ఆవిడ ఫిర్యాదు చేశారు. కమిటీ దేవిశ్రీ ఏ గుంపులో ఉందో విప్పి చూసింది.

"మీ పాపకి వెళ్ళింది అసలు పొడి కాదమ్మా. ఉత్త పిండి."

"మరి చక్కెర తగ్గింది కదండీ?"

"మీరు తిండి మార్చారు. లెక్కగా చూసుకున్నారు. పరిశోధనలో ఉన్నామంటే ఇంటిల్లిపాదీ జాగ్రత్తపడతారు. అందుకే ఉత్త పిండి గుంపు పెట్టేది. ఫలితాలు లెక్కగట్టకముందే, నవ్వు బాగుందని మీ పిల్లని తీసుకెళ్ళి గోడకెక్కించారు వాళ్ళు." ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "పేగుల బ్యాక్టీరియా అబద్ధం కాదు. చిన్న నిజం. ఇంకా సరిగ్గా నడక రాని నిజం. దాన్ని పట్టుకొచ్చి సంతలో నిలబెట్టారు. రేపు నిజంగా ఏదైనా తేలితే ఏ తల్లి నమ్ముతుంది నన్ను?"

ఉమాశ్రీకి దారి కనిపించింది.

ఆ శనివారం పొద్దున నానక్‌రామ్‌గూడలో ఒక టవర్ కింది హాల్లో కంపెనీ వాళ్ళు షుగర్ ఉన్న పిల్లల తల్లిదండ్రులకు సభ పెట్టారు. రమ్మని ఊరంతా ప్రకటించారు. దేవిశ్రీ తనూ వస్తానంది. "వద్దు. నిన్ను బొమ్మగా నిలబెట్టింది చాలు" అంది తల్లి. చైతన్య కారు తీశాడు. హఫీజ్‌పేట్‌లో కృష్ణప్రియ ఎక్కింది. పిల్లవాడిని అప్పటికి వార్డులోకి మార్చారు. మాల్స్, అద్దాల మేడలు దాటి షేర్ ఆటోలు ఆగే చోట కారు దిగుతూ ఆమె, "నేను గూడ మాట్లాడొచ్చా అక్కా?" అని అడిగింది.

హాలు నిండింది. తెర మీద దేవిశ్రీ, మనిషికి నాలుగింతలు. ఆదర్శ్ వేదిక మీద అటూ ఇటూ నడుస్తూ పేగు మన రెండో మెదడు అని చెబుతున్నాడు. ప్రశ్నలున్నాయా అనగానే ఉమాశ్రీ లేచింది. మైకు కోసం చూడలేదు.

"ఆ తెర మీద ఉన్నది మా అమ్మాయండి."

జనం చప్పట్లు కొట్టారు. ఆదర్శ్ నవ్వు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వెలిగింది. "వావ్! వీళ్ళే దేవి మదర్! మేడం, మీ జర్నీ..."

"మా జర్నీ నేను చెబుతా, మీరు కూర్చోండి. మా అమ్మాయి ఈ రోజు పొద్దున ఇన్సులిన్ వేసుకుంది. మధ్యాహ్నం వేసుకుంటుంది. రాత్రీ వేసుకుంటుంది. ఒక్క పూట కూడా మానలేదు. మానితే చచ్చిపోతుంది."

చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఇంకోటి వినండి. ఈ డబ్బాలో పొడి మా అమ్మాయి ఎప్పుడూ తాగలేదు. పరిశోధనలో దానికి వెళ్ళింది ఉత్త పిండి. ఆసుపత్రి కమిటీయే చెప్పింది. ఉత్త పిండి తాగిన పిల్లని చూపించి మీకు పొడి అమ్ముతున్నారు వీళ్ళు!"

"మేడం, దిస్ ఈజ్ నాట్ ద ఫోరం..." ఆదర్శ్ కిందికి దిగివచ్చాడు. సెక్యూరిటీ మనిషి ఒకడు కదిలాడు. ఎప్పుడూ ఎవరికీ అడ్డం నిలబడని చైతన్య లేచి అతని దారికి అడ్డంగా నిలబడ్డాడు. "ఆవిడ మాట్లాడుతోంది కదా, పూర్తి చేయనివ్వండి" అన్నాడు.

అప్పుడు కృష్ణప్రియ లేచింది. ఆమె గొంతు మొదట వినపడలేదు. ముందు వరుసలోని ఒక ముసలాయన వెనక్కి తిరిగి "గట్టిగా చెప్పమ్మా" అన్నాడు.

"నా కొడుకుకు ఏడేండ్లు. గా బొమ్మ జూసి సూది బంద్ జేసినం. ఫోన్ల పిల్ల మెల్లగ తగ్గియ్యమన్నది. దవాఖానల పండవెట్టినం. సార్, నువ్వు అస్తమానం నవ్వుతున్నవు గదా," ఆదర్శ్ వైపు చెయ్యి చూపింది, "ఇప్పుడు నవ్వు సార్. నా కొడుకు ముక్కుల పైపులున్నయి. జూసి నవ్వు."

ఆదర్శ్ నవ్వలేదు. ఎవరో ఒక తండ్రి లేచి, "మా పాపకి మీ కోచ్ ఫోన్లో సగం డోస్ చాలంది, అది కరెక్టా కాదా ఇప్పుడే చెప్పు" అని కేకేశాడు. మరొకావిడ ఒళ్ళోని ఉచిత డబ్బాను వేదిక మీదికి విసిరింది. ఫోన్లు పైకి లేచాయి. తెర మీది దేవిశ్రీని ఎవరో హడావిడిగా ఆర్పేశారు.

ఆ వీడియో ఊరంతా తిరిగింది. మర్నాటికి లిఫ్టుల్లో పళ్ళ క్లిప్పులు మళ్ళీ వచ్చాయి, స్తంభాలు ఖాళీ అయ్యాయి. కంపెనీ వాళ్ళు ఒక ప్రకటన విడుదల చేశారు. అందులో క్షమాపణ అన్న మాట లేదు. "అపార్థానికి చింతిస్తున్నాం" అని ఉంది. అది చదివి ఉమాశ్రీ, "అపార్థం చేసుకున్నది మనమట!" అని పేపరు నలిపి విసిరింది. ఆదర్శ్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు. అతని చేత అలా చేయించిన వాళ్ళు ఎవరూ ఎక్కడికీ పోలేదు. వినియోగదారుల కమిషన్‌లో ఇద్దరు తల్లులూ కలిసి వేసిన కేసు వాయిదాల మీద నడుస్తోంది. పొడి ఇంకా అమ్ముతున్నారు. డబ్బా మీద మాత్రం, ఇన్సులిన్ మానరాదని ఒక వాక్యం చేర్చారు, చీమ తలకాయంత అక్షరాల్లో.

అవినాష్ కోలుకున్నాడు. రెండో తరగతికి వెళ్తున్నాడు. ఇన్సులిన్ పెన్ను చూస్తే మొదట్లో ఏడ్చేవాడు. దేవిశ్రీ హఫీజ్‌పేట్ వెళ్ళి తన పొట్ట మీద వేసుకుని చూపించాక, తనే వేసుకుంటానని పేచీ పెడుతున్నాడు. పరిశోధన లెక్కలు తేలాయి. అసలు పొడి తాగిన పిల్లల్లో చక్కెర కాస్త నిలకడగా ఉన్నట్టు కనిపించిందట, అదీ కొందరిలోనే. ఇంకా పెద్ద గుంపుతో, ఏ కంపెనీ సాయం లేకుండా మళ్ళీ చూడాలంటున్నారు డాక్టర్‌గారు. చేరమని అడిగితే చాలామంది తల్లిదండ్రులు దండం పెట్టి వెళ్ళిపోయారు. ఉమాశ్రీకి అన్నిటికన్నా మంట పుట్టించిన సంగతి ఇది. దేవిశ్రీని అడిగితే, "చేరతానమ్మా. ఈసారి నిజం పొడి రావచ్చేమో" అంది. తల్లి సరేనంది. కెమెరా పట్టుకున్న వాడు ఆ గడప తొక్కితే మాత్రం ఊరుకోనని డాక్టర్‌గారికి మొహం మీదే చెప్పింది. "నేనూ ఊరుకోను" అన్నారావిడ.

మొన్న ఆదివారం కృష్ణప్రియ ఫోన్ చేసింది.

"అక్కా, మా గల్లీల మెడికల్ షాపోడు గా డబ్బాలే ముంగట పేర్చిండు. షుగర్ పిల్లలకు మంచిదని బోర్డు గూడ పెట్టిండు. నేను అడిగితే నీకెందుకంటుండు. జర వస్తవా?"

ఉమాశ్రీ పొయ్యి మీది పప్పు దించమని చైతన్యకి చెప్పి, కారు తాళాలు తీసుకుంది.

"వస్తున్నాను. నేను వచ్చేదాకా షాపు మూయొద్దని వాడికి చెప్పు."